సెలూన్ కుర్చీలో ఒక జాతి చరిత్ర
(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం చరిత్ర ప్రసంగానికి నేను ఎంచుకున్న విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు పక్కన పెట్టి జుట్టు గురించి మాట్లాడబోతున్నాను. అదీ మన జుట్టు గురించి కాదు, మన ఆఫీసుల్లో మన పక్కనే కూర్చుని పనిచేసే నల్లజాతి అమెరికన్ ఆడవాళ్ళ జుట్టు గురించి. అయితే ఈ కథలో మన తిరుమల కొండకి కూడా చోటుంది. అక్కడిదాకా వచ్చేవరకు కాస్త ఓపిక పట్టండి.

మన డాలస్ చుట్టుపక్కల చాలాచోట్ల "నాచురల్ హెయిర్" అని బోర్డు పెట్టుకున్న సెలూన్లు కనిపిస్తాయి. ఆ మాట చూడగానే మనకి కుంకుడుకాయ, శీకాయ, మందారాకు గుర్తొస్తాయి. వాళ్ళ అర్థం వేరు. మందులు పెట్టి సాగదీయకుండా, తలలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచుకున్న జుట్టుని వాళ్ళు నాచురల్ అంటారు. ఉన్నది ఉన్నట్టు ఉంచుకోవడానికి ప్రత్యేకంగా ఒక పేరు, ఒక దుకాణం, చివరికి ఒక చట్టం ఎందుకు కావలసి వచ్చాయన్నదే ఈవేళ్టి కథ.

నేను కన్సల్టెంటుగా పనిచేసిన ఒకచోట ఒక నల్లజాతి సహోద్యోగిని ఉండేవారు. శుక్రవారం ఒక రకంగా, సోమవారం ఇంకో రకంగా వచ్చేవారు. ఒకసారి భోజనాల దగ్గర మాటల్లో చెప్పారు. శనివారం పొద్దున్నే ఒక పుస్తకం, తినడానికింత పట్టుకుని సెలూనుకి వెడితే బయటికొచ్చేసరికి నాలుగైదు గంటలు పడుతుందిట. ఉద్యోగం కోసం కొత్త ఊరికి మారినప్పుడల్లా అపార్టుమెంటు తరువాత ఆవిడ వెతికేది తన తల చూసే మనిషినే. ఒకసారి పెద్ద మాల్లో ఉన్న సెలూనుకి వెడితే అక్కడి అమ్మాయి ఆవిడ జుట్టు ఒకసారి ముట్టుకుని చూసి, ఇలాంటిది మేము చెయ్యం అని పంపించేసిందిట. ఆ చెప్పడంలో కోపం లేదు, అలవాటైపోయిన విషయం చెబుతున్నట్టు చెప్పారు. అప్పటినుంచే నేను ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

ముందు కొంచెం సైన్సు. వెంట్రుకని అడ్డంగా కోసి చూస్తే సాఫీగా ఉండే జుట్టు ఇంచుమించు గుండ్రంగా కనిపిస్తుంది. బాగా మెలికలు తిరిగిన జుట్టు కోలగా, నొక్కినట్టు ఉంటుంది. మాడులో పుట్టే సహజమైన నూనె మెలికల మీదుగా కొసదాకా దిగలేదు. అందువల్ల ఆ జుట్టు త్వరగా ఎండిపోతుంది, పొడిగా ఉండగా దువ్వితే మెలిక ఉన్నచోట పుటుక్కున తెగుతుంది. కాబట్టి తెలిసినవాళ్ళు తడిపి, కండిషనరో నూనెో రాసి, తలని పాయలుగా విడదీసి, వేళ్ళతోనో పెద్ద పళ్ళ దువ్వెనతోనో చిక్కు తీస్తారు. అదీ కొసల దగ్గర మొదలుపెట్టి కుదుళ్ళ వైపుకి. చిక్కు కొసలనుంచి తీయమని మన అమ్మమ్మలు చెప్పలేదూ, అదే సూత్రం. తరువాత మెలిపెట్టడమో, జడలు అల్లడమో చేస్తారు. మొక్కజొన్న చేలో సాళ్ళలాగా మాడుకి అంటుకుని వరసలుగా అల్లే జడల్ని కార్న్‌రోలు అంటారు. పాయ పాయా అల్లాలి గనుకనే అన్ని గంటలు.

ఈ అల్లికలు ఆఫ్రికా నుంచి వచ్చినవి. బానిసలుగా తెచ్చినప్పుడు ఆ దువ్వెనలూ, నూనెలూ, తీరికా అన్నీ పోయాయి. పొలం పనిలో వారమంతా తలకి గుడ్డ కట్టుకుని, ఆదివారం దొరికిన కాస్త సమయంలో ఒకరి తల ఒకరు చూసుకునేవారు. దువ్వెన లేక గొర్రె ఉన్ని దువ్వే పనిముట్లతో చిక్కు తీసుకునేవారు. నూనె లేక వెన్న, పంది కొవ్వు రాసుకునేవారు.

స్వేచ్ఛ ఉన్నవాళ్ళనీ వదల్లేదు. 1786లో లూసియానా స్పెయిన్ వాళ్ళ చేతిలో ఉండేది. అక్కడి గవర్నరు ఎస్తెబాన్ మీరో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. స్వతంత్రులైన నల్లజాతి ఆడవాళ్ళు జుట్టు కనపడకుండా తలకి గుడ్డ చుట్టుకోవాలని దాని సారాంశం. న్యూ ఆర్లియన్స్‌లో వాళ్ళు నగలు, ఈకలు పెట్టి జుట్టు అందంగా అలంకరించుకుని తిరగడం దొరలకి కంటగింపు అయింది. ఆ ఆడవాళ్ళు ఏం చేశారంటే, ఆ గుడ్డనే మంచి రంగుల్లో ఎంచుకుని, రకరకాల కట్లు కట్టి, దాన్నే ఒక ఫ్యాషన్ చేసేశారు. జుట్టు మీద ప్రభుత్వం పెత్తనం ఈ దేశం పుట్టిన రోజులనాటిదే అని చెప్పడానికి ఈ సంగతి చెప్పాను.

బానిసత్వం పోయిన తరువాత ఇంకో పెత్తనం వచ్చింది. తెల్లవాళ్ళ జుట్టుకి ఎంత దగ్గరగా ఉంటే అంత "మంచి జుట్టు" అన్న మాట వాళ్ళ ఇళ్ళలోనే స్థిరపడిపోయింది. పొయ్యి మీద కాల్చిన ఇనప దువ్వెనతో జుట్టు సాగదీయడం వంటింటి పని అయింది. చెవి కొస చురుక్కుమని కాలడం ఎన్నో తరాల ఆడపిల్లలకి చిన్ననాటి జ్ఞాపకం.

ఇక్కడ సారా బ్రీడ్‌లవ్ గురించి చెప్పాలి. 1867లో లూసియానాలో పత్తి పండించే కుటుంబంలో పుట్టింది. ఆ ఇంట్లో స్వతంత్రురాలిగా పుట్టిన మొదటి బిడ్డ. ఏడేళ్ళకే తల్లీ తండ్రీ పోయారు. పధ్నాలుగేళ్ళకి పెళ్ళి, ఇరవై ఏళ్ళకి వైధవ్యం, చేతిలో చిన్న కూతురు. సెయింట్ లూయిస్‌లో ఏళ్ళ తరబడి బట్టలు ఉతికింది. మాడు జబ్బు చేసి జుట్టు ఊడిపోయేది. నీళ్ళ వసతి సరిగ్గా లేని ఇళ్ళలో, తలస్నానం అరుదైన ఆ రోజుల్లో చాలామందిది అదే బాధ. ఆనీ మలోన్ అనే నల్లజాతి వ్యాపారవేత్త తయారుచేసే తలమందులకి కొన్నాళ్ళు ఏజంటుగా పనిచేసి, 1905లో డెన్వర్ వెళ్ళి, సొంతంగా వ్యాపారం పెట్టింది. ఆవిడే మేడమ్ సి. జె. వాకర్.

ఇనప దువ్వెన కనిపెట్టింది ఆవిడే అని చాలామంది అంటారు. అది నిజం కాదు, అంతకుముందే ఫ్రాన్సులో ఉంది. ఆవిడ చేసిన పని వేరు. తరచూ తలంటుకోవడం, మాడు శుభ్రంగా ఉంచుకోవడం, గంధకం కలిపిన లేపనం రాయడం ఒక పద్ధతిగా పెట్టి, వేల మంది ఆడవాళ్ళకి నేర్పించింది. వంటపని, చాకలిపని తప్ప వేరే బతుకుతెరువు లేని వాళ్ళకి సంచీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సంపాదించుకునే దారి దొరికింది. 1912లో నల్లజాతి వ్యాపారుల మహాసభలో అధ్యక్షుడు బుకర్ టి. వాషింగ్టన్ ఆవిడకి మాట్లాడే అవకాశం ఇవ్వకపోతే, తనే లేచి నిలబడి, పత్తి చేలనుంచి సొంత ఫ్యాక్టరీ దాకా ఎలా వచ్చిందో చెప్పింది. మరుసటి ఏడాది సభకి ఆయనే ఆహ్వానించాడు. 1917లో ఫిలడెల్ఫియాలో తన ఏజంట్ల మహాసభ పెట్టింది. తలనూనెలు అమ్ముకునే ఆడవాళ్ళు ఆ సభనుంచి అధ్యక్షుడు విల్సన్‌కి, నల్లవాళ్ళని మూకలు చంపుతుంటే ఆపమని తంతి పంపారు. 1919లో ఆవిడ పోయేనాటికి వయసు 51.

ఆ తంతి ఎందుకు ముఖ్యమంటారా? సెలూను పెట్టుకున్న నల్లజాతి ఆడమనిషికి తెల్ల యజమాని ఉండడు. కస్టమర్లంతా తనవాళ్ళే. నోరు విప్పితే ఉద్యోగం పోతుందన్న భయం లేదు. దీనికి 1957 నాటి ఉదాహరణ ఒకటుంది. దక్షిణ కరోలినాలో ఓటు నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగం చదివి చూపించాలి. చదువు రాని నల్లవాళ్ళకి ఓటు లేకుండా చేసే ఉపాయం అది. సెప్టిమా క్లార్క్ అనే టీచరు, పౌరహక్కుల సంఘంలో సభ్యత్వం వదలనన్నందుకు 1956లో ఉద్యోగం పోగొట్టుకుంది. ఆవిడా, మరికొందరూ కలిసి జాన్స్ ఐలండ్‌లో పెద్దవాళ్ళకి రాత్రిబడి పెట్టారు. తెల్లవాళ్ళకి అనుమానం రాకుండా ముందు గదిలో కిరాణా కొట్టు, వెనక గదిలో బడి. మొదటి పంతులమ్మగా వాళ్ళు ఎంచుకున్నది బెర్నిస్ రాబిన్సన్‌ని. ఆవిడ వృత్తి ఆడవాళ్ళ జుట్టు చూడడం. నేను టీచర్ని కాదు అని ఆవిడ మొదట వెనకాడింది. అయినా ఆవిడనే ఒప్పించారు. ఎదుటివాళ్ళు చెప్పేది వినడం వచ్చు, పైగా ఆవిడ ఉద్యోగం తీసేసే వాడెవడూ లేడు. అలా 14 మందితో మొదలైన బడి తరువాత దక్షిణాది అంతటా పాకి, వేల మందిని ఓటర్లని చేసింది.

ఇదంతా జరుగుతున్నప్పుడే ఇంకోవైపు రసాయనాలు వచ్చాయి. 1954లో షికాగోలో జార్జ్ జాన్సన్ పెట్టిన కంపెనీ జుట్టు సాఫీ చేసే మందులతో పెరిగి, 1971లో అమెరికన్ స్టాక్ ఎక్స్‌చేంజిలో నమోదయిన మొదటి నల్లజాతి కంపెనీ అయింది. ఈ మందులకి రిలాక్సర్ అని పేరు. అప్పట్లో వాటి బలమంతా కాస్టిక్ సోడా లాంటి క్షారంలో ఉండేది. వెంట్రుక లోపలి గంధకపు బంధాల్ని అది తెంపేస్తుంది. కొత్త జుట్టు మళ్ళీ మెలికలతోనే వస్తుంది గనుక కొన్ని వారాలకోసారి మళ్ళీ పెట్టుకోవాలి. కాస్త ఆలస్యమైతే మాడు మండుతుంది, పుండ్లు పడతాయి.

దీనికి ఎదురుగా 1962 జనవరి 28న న్యూయార్కులోని హార్లెంలో ఒక ప్రదర్శన జరిగింది. క్వామే బ్రాత్‌వైట్, ఆయన మిత్రులు కలిసి మందులు పెట్టని జుట్టుతో ఉన్న నల్లజాతి అమ్మాయిల్ని వేదిక మీద నడిపించారు. నలుపే అందం అన్న నినాదం అక్కడినుంచి ఊపందుకుంది. 1970లో ఎఫ్‌బీఐ ఏంజెలా డేవిస్ కోసం అంటించిన పోస్టరులో ఆవిడ గుండ్రటి ఆఫ్రో జుట్టు దేశమంతా చూసింది. దాంతో ఉన్నదున్నట్టు ఉంచుకున్న జుట్టుకి తిరుగుబాటు అన్న ముద్ర పడింది.

ముద్ర పడ్డాక ఉద్యోగాల్లో ఇబ్బంది రాకుండా ఉంటుందా? రెనే రోజర్స్ అనే ఆవిడ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో దాదాపు పదకొండేళ్ళు పనిచేశారు. కార్న్‌రోలు అల్లుకుని వస్తే కంపెనీ ఒప్పుకోలేదు. ఆవిడ కోర్టుకి వెళ్ళారు. 1981లో న్యూయార్కు ఫెడరల్ కోర్టు ఈ విషయంలో కంపెనీ నియమం తప్పుకాదంది. జడలు పుట్టుకతో వచ్చేవి కావు, తరువాత అల్లుకునేవి కాబట్టి జాతి వివక్ష కిందికి రావని తర్కం. ఒక తెల్ల నటి 1979 సినిమాలో అవే జడలు వేసుకుని కనిపించాక ఆవిడ వేసుకుందన్న సంగతి కూడా కోర్టులో ప్రస్తావనకి వచ్చింది, ఆ అల్లిక హాలీవుడ్‌లో పుట్టినట్టు! కంపెనీ చూపించిన రాజీ మార్గం వింటే మనవాళ్ళకి సులభంగా అర్థమవుతుంది. పని గంటల్లో ఆ జడలన్నీ ముడి పెట్టి, దాని మీద సవరం చుట్టుకోవచ్చునట. అంటే తన జుట్టు దాచుకోవడానికి ఇంకొకరి జుట్టు పెట్టుకోవాలి.

మరి ఇంకొకరి జుట్టు ఎక్కడినుంచి వస్తుంది? ఇక్కడ మన వంతు వచ్చింది. 1966లో అమెరికా ప్రభుత్వం కమ్యూనిస్టు చైనా జుట్టుతో చేసిన విగ్గుల దిగుమతిని నిషేధించింది. దాంతో విగ్గుల వ్యాపారం దక్షిణ కొరియా వైపుకి, ముడి జుట్టు కోసం మన దేశం వైపుకి మళ్ళింది. నీలాదేవి తన జుట్టు కోసి స్వామికి ఇచ్చిందని, అందుకే తలనీలాలు అంటామని మన పెద్దలు చెబుతారు. కల్యాణకట్టలో పోగయ్యే తలనీలాల్ని దేవస్థానం వేలం వేస్తుంది. ఆడవాళ్ళ పొడవాటి జుట్టు, కుదుళ్ళన్నీ ఒకవైపు ఉన్నది, చాలా ఖరీదు పలుకుతుంది. 2009లో హాస్యనటుడు క్రిస్ రాక్ "గుడ్ హెయిర్" అనే డాక్యుమెంటరీ తీసి, అమెరికా సెలూన్లనుంచి మన దేశంలో గుండ్లు గీసే గుడిదాకా ఆ దారి చూపించాడు. తనకి మంచి జుట్టు ఎందుకు లేదని చిన్న కూతురు అడగడం వల్లే ఆ సినిమా తీశానని చెప్పాడు.

నాకు ఈ భాగం చదివినప్పుడు మనసు కొంచెం ఇదిగా అయింది. కడపనుంచో ఖమ్మంనుంచో వచ్చిన తల్లి బిడ్డకి జ్వరం తగ్గితే ఇస్తానని మొక్కుకుని ఇచ్చిన జుట్టు అది. అమెరికాలో కొన్నావిడ కొందరికి సరదా, కొందరికి అలంకారం, కానీ ఎంతోమందికి అది ఆఫీసులో మాట పడకుండా ఉండడానికి కొన్న వస్తువు. ఇద్దరిమధ్యా వేలందారూ, ఫ్యాక్టరీ, ఓడ, దుకాణం. ఒకరి కథ ఒకరికి తెలిసే దారి లేదు.

మళ్ళీ మన డాలస్‌కి వద్దాం. ఐసిస్ బ్రాంట్లీ అనే ఆవిడ ఇక్కడ ఆఫ్రికన్ పద్ధతిలో జడలు అల్లే దుకాణం నడిపేవారు. 1997లో లైసెన్సు లేకుండా జడలు వేస్తున్నారని ఆవిడని అరెస్టు చేశారు. జుట్టుకి మందులు పెట్టడం, కత్తిరించడం కోసం పెట్టిన లైసెన్సు అది. ఆవిడ రెండూ చెయ్యరు. 2007లో జడలకని 35 గంటల శిక్షణతో వేరే సర్టిఫికెట్ పెట్టి, ఆవిడకి ఇచ్చారు. కానీ ఇంకొకరికి నేర్పాలంటే మంగలి కాలేజీ పెట్టాలన్నారు. అంటే 2,000 చదరపు అడుగుల స్థలం, వెనక్కి వాలే కుర్చీలు పది, నీళ్ళ తొట్లు ఉండాలి. జడ అల్లడానికి తొట్టి ఎందుకు? మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ బాధ తెలుసు. పాత సిస్టం కోసం రాసిన రిక్వైర్‌మెంటు కొత్తదానికి తగిలిస్తే ఇలాగే ఉంటుంది. ఆవిడ పట్టు వదల్లేదు. 2015 జనవరిలో ఫెడరల్ జడ్జి ఆ నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమన్నారు. అదే ఏడాది జూన్‌లో టెక్సస్ జడలు అల్లేవాళ్ళకి లైసెన్సే అవసరం లేకుండా చేసింది. దానికి ముందే వాషింగ్టన్ నగరంలో పమేలా ఫెరెల్, తాలిబ్-దిన్ ఉక్దా దంపతులు తమ సెలూను కోసం 1938 నాటి చట్టం మీద ఇలాంటి పోరాటమే చేసి, 1990ల మొదట్లో ఆ చట్టం మార్పించారు.

ఇందులో తమాషా ఏమిటంటే, లైసెన్సు ఉన్నవాళ్ళలో చాలామందికి మెలికల జుట్టు చూడడం నేర్పేవారే కాదు. మా సహోద్యోగినిని మాల్ సెలూను తిప్పి పంపడానికి కారణం ఇదే కావచ్చు. చేతనైన మనిషికి లైసెన్సు లేదు, లైసెన్సున్న మనిషికి చేతకాదు. న్యూయార్కు రాష్ట్రం 2023లో గాని అన్నిరకాల జుట్టూ నేర్పాలని చట్టం చెయ్యలేదు.

ఈమధ్య నాచురల్ వైపు మళ్ళడానికి ఆరోగ్యం కూడా ఒక కారణం. 2022లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ వాళ్ళు 33 వేలకు పైగా ఆడవాళ్ళని పదేళ్ళకు పైగా గమనించిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. జుట్టు సాఫీ చేసే మందులు ఎప్పుడూ వాడనివాళ్ళలో డెబ్భై ఏళ్ళ లోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమయితే, తరచుగా వాడినవాళ్ళలో 4.05 శాతమని అంచనా వేశారు. మందే కారణమని ఒక్క పరిశోధనతో తేలదు. కానీ ఉద్యోగం కోసం ముప్ఫై ఏళ్ళు ఆ మందు పెట్టుకున్నావిడకి ఆ అంకెలు ఎలా వినిపిస్తాయో ఆలోచించండి.

చట్టం సంగతి ఎంతవరకు వచ్చిందో చెప్పి ముగిస్తాను. 2014లో అమెరికా సైన్యం మెలిపెట్టిన జుట్టు, జడలుకట్టిన జుట్టు మీద నియమాలు పెట్టి, గొడవయ్యాక కొన్ని సడలించింది. జడలుకట్టిన జుట్టుకి 2017లో అనుమతి ఇచ్చింది. 2019 జులైలో కాలిఫోర్నియా "క్రౌన్ యాక్ట్" తెచ్చింది. ఆఫ్రో, జడలు, మెలికలు జాతి లక్షణాల కిందికే వస్తాయని, వాటి పేరు చెప్పి ఉద్యోగంలో గాని బడిలో గాని వివక్ష చూపకూడదని అందులో ఉంది. అంటే 1981 నాటి తర్కానికి 38 ఏళ్ళ తరువాత జవాబు దొరికింది. మన టెక్సస్‌లో అలాంటి చట్టం 2023 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది హ్యూస్టన్ దగ్గర ఒక హైస్కూలు కుర్రాణ్ణి జుట్టు కారణంగా నెలల తరబడి క్లాసులకి దూరంగా ఉంచారు. అభ్యంతరం అల్లిక మీద కాదు, పొడవు మీద అని బడివాళ్ళు వాదించారు. 2024 ఫిబ్రవరిలో జడ్జి ఆ వాదనే ఒప్పుకున్నారు. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022 మార్చిలో ప్రతినిధుల సభ దాటింది గాని, సెనేటులో ఆగిపోయింది.

ఇంతా విన్నాక మనం చెయ్యగలిగింది చిన్నదే. సోమవారం పక్క సీటావిడ కొత్త జడలతో వస్తే, బావుందని ఒక మాట చెప్పవచ్చు. అది నిజం జుట్టేనా అని అడగకుండా, చెయ్యి చాచి ముట్టుకోకుండా ఉండవచ్చు. మన పిల్లల్లో ఉంగరాల జుట్టున్న అమ్మాయిని "ఇదేం జుట్టమ్మా" అనకుండానూ ఉండవచ్చు. ఇక తిరుమలలో గుండు చేయించుకుని వచ్చిన మన పిల్లవాణ్ణి ఇక్కడి బడిలో ఎవరైనా వింతగా చూస్తే మనకి ఎలా ఉంటుందో మనకి తెలుసు. అది గుర్తుంటే చాలు.